చిన్నమ్మకు దొరకని విడాకులు

ఖలీల్‌వాడి నిండా ఆస్పత్రులే. నేను వెళ్లింది మందుల దుకాణం పక్కన మెట్లెక్కి పోవాల్సిన ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు. నిజామాబాద్‌లో ఒక ఇంటర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఏ సందులోకి పోయినా ఎవరో ఒకరు "నమస్తే మేడం" అంటారు. అందుకే తెలిసిన ముఖం కనిపించని చోటు వెతుక్కున్నాను. నాకు కడుపొచ్చింది, వద్దనుకున్నాను. అప్పటికి భర్త నుంచి విడిగా వచ్చేసి ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇంకా తొలి వారాలే కాబట్టి మాత్రలతో అయిపోతుందంది. చేతులు కడుక్కుంటూ అడిగింది.

"మీ ఆయన కింద ఉన్నడా? సంతకం కావాలె."

"లేడండీ. మేం వేరుగ ఉంటున్నం."

"విడాకులైనయా?"

"ఇంకా కాలే."

"మరి ఆయన భర్తే గద. రేపు వచ్చి లొల్లి చేస్తే మా మెడకు సుట్టుకుంటది. ఆయనన్న రావాలె, మీ అమ్మనో అత్తమ్మనో అన్న రావాలె."

అమ్మ లేదు. బాపు అంతకు ముందే పోయాడు. అన్న కరీంనగర్‌లో ఉన్నాడు గానీ, నేను ఇల్లు విడిచి వచ్చిన నాటి నుంచి అతని ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తడు. అత్తగారి సంగతి చెప్పేదేముంది. సరేనండీ అని లేచి మెట్లు దిగాను. పువ్వులో ఫలదీకరణ ఎలా జరుగుతుందో బోర్డు నిండా బొమ్మలేసి పిల్లలకు చెబుతాను. నా ఒంటి విషయంలో ఎవరి సంతకం కావాలో, ఎవరిది అక్కర్లేదో నాకు తెలియదు. ఆమె చెప్పిందే చట్టమనుకున్నాను.

రోడ్డు మీద నిలబడి ఫోన్లో పేర్లు పైనుంచి కిందికి చూశాను. కాలేజీలో స్టాఫ్‌రూమ్ పంచుకునే వాళ్లు, చర్చిలో పక్కన కూర్చునే వాళ్లు, పాలబ్బాయి, ఇంటి ఓనరు. ఫలానా పని మీద నాతో రా అని అడగగలిగే పేరు ఒక్కటీ లేదు. ఆ సంగతి అలా పేర్లు చూస్తుండగా తెలియడం, డాక్టరమ్మ మాటకంటే ఎక్కువ బాధపెట్టింది. నడుస్తూ నడుస్తూ బస్టాండుకు చేరాను. బోధన్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కేశాను.

బోధన్‌లో మా చిన్నమ్మ ఉంటుంది, అమ్మకు చెల్లెలు. పండుగలకూ పెళ్లిళ్లకూ కలవడమే తప్ప మా మధ్య పెద్ద రాకపోకలు లేవు. ఆమె ఒంటరిగా ఉండే మనిషి, మాట కటువు. పైగా ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. కడుపు తీయించుకుంటానంటే ఏమంటుందోనని బస్సులో అంతసేపూ భయపడుతూనే ఉన్నాను. ఎడపల్లి దాటాక రెండు వైపులా వరి. నా చిన్నప్పుడు అక్కడ చెరుకు ఉండేది, బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే ఆకు తగిలేది. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక రైతులు చెరుకు మానుకున్నారు.

చిన్నమ్మ శక్కర్‌నగర్ దగ్గర రెండు గదుల రేకుల ఇంట్లో ఉంటుంది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరయింది. నేను వెళ్లేసరికి గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏందే, చెప్పక చెయ్యక వచ్చినవ్? తిన్నవా?"

తినలేదన్నాను. లోపలికి పోయి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. తింటుండగానే చెప్పేశాను. కొన్నాళ్ల కిందట నా భర్త నా గదికి వచ్చాడనీ, మళ్లీ కలిసి ఉందామన్నాడనీ, నమ్మాననీ. వారం తిరక్కుండానే పాత మనిషే అయిపోయి, మాటా పలుకూ లేకుండా బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడనీ. వేరుగా వచ్చాక ఇక ఎందుకని కడుపు రాకుండా వాడే మాత్రలు వేసుకోవడం మానేశాననీ, ఇప్పుడిలా అయిందనీ.

చిన్నమ్మ నా కంచం వైపే చూస్తోంది.

"కొట్టేటోడా?"

"లే చిన్నమ్మా. మాట్లాడకపోయేటోడు. కూరల ఉప్పెక్కువైతె నెల దినాలు మాట్లాడకపోయేటోడు. నేను ఇంట్ల ఉన్నట్టే సూడకపోయేటోడు."

కంచంలో ఇంకాస్త పచ్చిపులుసు పోసింది.

"గదీ కష్టమే" అంది.

నా పెళ్లి గురించి ఆ మాట అన్న మొదటి మనిషి ఆమే. అన్నతో సహా అందరూ, కొట్టలేదు, తాగలేదు, ఇంకేం కావాలన్నవాళ్లే. పిల్లలు కావాలని ఒకప్పుడు నేనే అడిగేదాన్ని. అప్పుడు అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు ఈ బిడ్డను కంటే ఆ గోడకూ నాకూ జీవితాంతం చుట్టరికం ఉంటుంది. ఈ సంగతి చిన్నమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె అడగనూ లేదు.

"పొద్దున ఇక్కడి సర్కారు దవాఖానకు పోదాం. సంతకం నేను పెడత. నాకు రాదనుకుంటున్నవా?" అంది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని సిద్ధమైంది. దవాఖానలో మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నన్ను అడగాల్సినవన్నీ అడిగి, ఇష్టపూర్వకంగానే వచ్చానా అని రెండుసార్లు అడిగి, కాగితం నా ముందుకు జరిపింది. నేను సంతకం పెట్టగానే చిన్నమ్మ ముందుకు వంగింది.

"నేనేడ పెట్టాలె?"

"మీది అక్కర్లేదమ్మా. ఆమెది చాలు."

"నేను ఆమెకు చిన్నమ్మను. తల్లి లేదు."

"ఎవరున్నా ఎవరు లేకున్నా ఆమెదొక్కటే కావాలె. పద్దెనిమిదేండ్లు దాటినామె గద."

"మొగడిది గూడా వద్దా?"

"వద్దు."

చిన్నమ్మ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఎప్పటి సంది గిట్ల?" అని అడిగింది. డాక్టరు నవ్వి, ఆ చట్టం వచ్చినప్పటి నుంచీ అంతేనంది. తరువాత ఇంటికొచ్చి నేను చదివి చూశాను. ఆ చట్టం నేను పుట్టకముందుది. మధ్యలో సవరించారు, పెళ్లయిన ఆడమనిషి, ఆమె భర్త అని ఉన్నచోట ఏ ఆడమనిషైనా, ఆమె భాగస్వామి అని మార్చారు. భర్త సంతకం అడగమని అందులో మొదటి నుంచీ లేదు. ఖలీల్‌వాడి మెట్లు ఎక్కి దిగిన ఆడవాళ్లలో ఎంతమందికి అది తెలుసో.

మొదటి మాత్ర దవాఖానలోనే మింగించారు. తరువాతివి ఇంట్లో వేసుకోవాలి. కాలేజీకి ఫోన్ చేసి జ్వరమని చెప్పి చిన్నమ్మ దగ్గరే ఉండిపోయాను. రెండోసారి మాత్రలు వేసుకున్న మధ్యాహ్నం కడుపులో మెలిపెట్టడం మొదలైంది. చిన్నమ్మ సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి నా పొట్ట మీద పెట్టింది. రేకుల కింద ఉక్కగా ఉంది. నేను మంచం పట్టె పట్టుకుని మూలుగుతుంటే ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుంది. చాలాసేపటికి మెల్లగా అడిగింది.

"ప్రార్థన చెయ్యాల్నా, ఊకోవాల్నా?"

"ఊకో చిన్నమ్మా."

ఊరుకుంది. నా కాళ్లు పిసుకుతూ కూర్చుంది. నొప్పి తగ్గి, రక్తం బాగా పోయాక, నాకు ఏడుపొచ్చింది. తప్పు చేశానని కాదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను. అయినా ఏడుపొచ్చింది. లోకంలో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియకుండా ఒకటి వచ్చి పోయింది. దానికోసం ఏడవడానికి కూడా నేనొక్కదాన్నే ఉన్నాననిపించింది. చిన్నమ్మ ఏడవద్దని అనలేదు.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ తన సంగతి తనే ఎత్తింది. కొంత నాకూ తెలుసు. నాకు పదేళ్లప్పుడు ఒకరోజు ఆమె కనుబొమ్మ మీద గాయంతో నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొట్టడం ఆయనకు రోజూ స్నానం చేసినంత మామూలు. బాపు ఆమెను వకీలు దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెంట పోయాను. వకీలు గాయం చూశాడు, అయ్యో అన్నాడు. తరువాత చెప్పిన మాటలు నాకు అర్థం కాకపోయినా గుర్తుండిపోయాయి.

"మీ క్రిస్టియన్ చట్టంల కొట్టుడు ఒక్కటే సాలదు. ఆయన ఇంకో ఆడామెతోని ఉన్నడని గూడా రుజువు చెయ్యాలె. అదే మొగోడైతె భార్య తప్పు ఒక్కటి సూపిస్తె సాలు."

"ఆయనకు అసొంటిది లేదండీ. కొడతడంతే" అంది చిన్నమ్మ.

"మరి కష్టమమ్మా. ఒకవేళ జిల్లా కోర్టు ఇచ్చినా హైదరాబాద్ హైకోర్టు మళ్ల ఖాయం చెయ్యాలె. ఏండ్లు పడ్తది. సర్దుకో."

బయటికి వచ్చాక బాపు ఆమెకు చెరుకు రసం ఇప్పించాడు. ఆమె తాగకుండా గ్లాసు నాకిచ్చింది. సర్దుకోలేదు, భర్త దగ్గరికి తిరిగి పోనూ లేదు. హాస్టల్లో వంటమనిషిగా చేరింది. విడాకులు లేకుండానే విడిగా, పెళ్లయినామెగానే ఉండిపోయింది.

నాకు తెలియనిది ఆ సాయంత్రం చెప్పింది. హాస్టల్లో తల్లి లేని పిల్ల ఒకతె ఉండేదట. ఆ పిల్ల తండ్రి కూడా ఫ్యాక్టరీలోనే, చెరుకు రసం మరిగించేచోట పనిచేసేవాడు. ప్రతి ఆదివారం బిడ్డను చూడ్డానికి వచ్చేవాడు.

"మంచిగ మాట్లాడేటోడు. బోరింగు ఖరాబైతె తనే బాగుజేసేటోడు. ఒకనాడు పాస్టరు దగ్గరికి పోయి, గా వంట చేసేటామెను పెండ్లి చేసుకుంట అన్నడట."

"పాస్టరు ఏమన్నడు?"

"ఏమంటడు? ఆమె మొగడు బతికున్నడు, విడాకులు లెవ్వు, ఎట్ల చేస్తనన్నడు. నిజమే గద. ఆయన నాలుగైదేండ్లు సూసిండు. పిల్ల ఎదుగుతుండె. ఇగ భీమ్‌గల్ దిక్కు పిల్లను చేసుకున్నడు."

ఆ తరువాత ఎంతో కాలం కాకుండానే మా విడాకుల చట్టం మారింది. కొట్టడం ఒక్కటే చాలు, వేరే రుజువు అక్కర్లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే రాజీ మీద కూడా విడాకులు తీసుకోవచ్చు. హైకోర్టు ఖాయం చేయనక్కర్లేదు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. పేపర్లో చూసి, సెలవులకు బోధన్ వచ్చినప్పుడు ఎంతో సంబరంగా ఆమెకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ "ఇప్పుడెందుకు బిడ్డా" అంది. ఎందుకలా అందో ఇన్నేళ్లకు తెలిసింది.

నా విడాకులు తేలిగ్గానే అయ్యాయి, కాలం మాత్రం పట్టింది. అతనూ ఒప్పుకున్నాడు. విడిగా ఉండాల్సిన గడువు, కేసు వేశాక మళ్లీ ఆరు నెలల గడువు. ఆ గడువంతా ఒకేలా గడిచింది. కాలేజీ, గది, ఒక పూట వండి రెండు పూటలు తినడం. ఆదివారం చర్చిలో నేను కూర్చున్న బెంచీ మీద నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉండేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అందరూ "బాగున్నవా" అని అడిగేవాళ్లు. స్త్రీల కూటంలో వాక్యం చదవమని మాత్రం అడగడం మానేశారు. కొన్నాళ్లకు నేనే చివరి బెంచీకి మారాను.

ఆఖరి రోజు చిన్నమ్మ కోర్టుకు వస్తానంది. వద్దన్నా వినలేదు. జడ్జిగారు ఇద్దరినీ అవే రెండు మాటలు అడిగారు. ఇష్టపూర్వకంగానేనా, మళ్లీ కలిసి ఉండే ఆలోచన ఏమైనా ఉందా అని. అంతే. బయటికొస్తే చిన్నమ్మ బెంచీ మీద నుంచి లేచింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఏం చేసిండు, ఎందుకు వద్దంటున్నవ్ అని అడగలేదా?"

"అడగలే."

"రుజువు?"

"ఏం అడగలే చిన్నమ్మా."

ఆమె మళ్లీ కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయంది. అతను మా ముందు నుంచే పోతూ ఆగి, చాయ్ తాగుతారా అని అడిగాడు. నాతో అతను తనంతట తాను మాట్లాడి చాలా కాలమైంది. వద్దన్నాను. తల ఊపి వెళ్లి స్కూటర్ తీశాడు. అతని చొక్కా వెనక మడత పడి ఉంది. చెప్పబోయి ఊరుకున్నాను. ఇక అది నాకు సంబంధించింది కాదు. సంతోషమనిపిస్తుందని అనుకున్నాను గానీ, పరీక్ష రాసి బయటికొచ్చాక ఎటు పోవాలో తెలియని పిల్లలా ఉంది నాకు.

ఆ ఎండాకాలమే చిన్నమ్మ భర్త చనిపోయాడు. ఫ్యాక్టరీ పోయాక వర్నిలో తమ్ముడి దగ్గర ఉండేవాడట. తమ్ముడు మనిషిని పంపాడు. భార్య లేకుండా సమాధి చేయడం బాగుండదు, రావాలని. వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆమెను పెట్టె పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరెవరో వచ్చి చేతులు పట్టుకుని, ధైర్యంగా ఉండమ్మా అన్నారు. ఆమె అందరికీ తల ఊపింది. ఆ మనిషితో ఒక్క ముద్ద తిని పాతికేళ్లు దాటి ఉంటుంది. తిరిగి వస్తూ బస్సులో ఏమనిపించిందని అడిగాను.

"ఏమనిపించలే. ఆకలైంది" అంది.

కాసేపటికి మళ్లీ తనే, "అంతమందిల ఒక్కరన్న నన్ను అడుగుతరేమో అనుకున్న, ఇన్నేండ్లు ఏడున్నవమ్మా అని. ఎవ్వరడగలే" అంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఫోన్ చేసింది. "భీమ్‌గల్ పోదామా?" అంది. ఎందుకని నేను అడగలేదు. లింబాద్రి గుట్ట నరసింహస్వామి ఊళ్లో చర్చికి పోయే మనకు పనేముంటుంది చిన్నమ్మా అని హాస్యమాడబోయి మానుకున్నాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక, అప్పట్లో పాస్టరును అడిగిన ఆయన తన భార్య ఊరుకు చేరి పిండి గిర్ని పెట్టుకున్నాడని ఆమెకు ఎవరో చెప్పారట. ఇద్దరం పోయాం. గిర్ని దొరకడానికి కష్టపడలేదు. ఒంటి నిండా తెల్లగా పిండి పడి ఉన్న పెద్దమనిషి ఒకాయన మిషను ఆపి, కళ్లు తుడుచుకుని చూశాడు.

"హాస్టలక్కవా?" అన్నాడు.

"ఆఁ" అంది చిన్నమ్మ.

ఆయన లోపలికి కేకేసి భార్యను పిలిచాడు. "మన పెద్దదానికి చిన్నప్పుడు అన్నం పెట్టినామె" అని పరిచయం చేశాడు. ఆమె కుర్చీలు వేసి చాయ్ తెచ్చింది. ఫ్యాక్టరీలో ఎవరు ఏ ఊరు పోయారో, ఎవరు బతికున్నారో మాట్లాడుకున్నారు. పెద్దబిడ్డ నర్సయిందట, జగిత్యాలలో ఉంటుందట. మధ్యలో ఎవరో జొన్నలు పట్టించడానికి వస్తే ఆయన లేచి మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఏమీ వినబడక ముగ్గురం నవ్వుతూ కూర్చున్నాం. ఇంతకంటే ఏమీ జరగలేదు. వచ్చేటప్పుడు ఆయన రోడ్డు దాకా వచ్చి, "పైలం, మంచిగ పోయి రాండ్రి" అన్నాడు.

బస్సులో చిన్నమ్మ కొంగు మీద పడ్డ పిండి దులుపుకుంది. తరువాత అంది. "ఆమె మంచిది. మనిషిని మంచిగ సూసుకుంటున్నది."

నిజామాబాద్ బస్టాండులో దిగాక, ఈ పూట నా గదిలో ఉండమని బతిమాలాను. అసలు బోధన్ ఇల్లు వదిలేసి నా దగ్గరే ఉండిపొమ్మని కూడా అడిగాను. ఎన్నాళ్ల నుంచో అడగాలనుకుంటున్న మాట. ఇద్దరం ఒక్కొక్కళ్లమే ఉన్నాం, ఒకచోట ఉంటే ఏమవుతుంది.

"వద్దు బిడ్డా. ఒక్కదాన్నే ఉండి ఉండి అలవాటైంది. ఇంట్ల ఇంకొకరు తిరిగితె నాకు నిద్ర రాదు" అంది. నా ముఖం చూసి, "నువ్వు గూడ గిట్ల కావొద్దు. ఎవర్నన్న సూసుకో. నీకిప్పుడు అడ్డం ఎవలున్నరు?" అంది.

నాకు అడ్డం ఎవరూ లేరు. అది నిజమే. చట్టం నాకు దారి ఇచ్చింది, ఆమెకు ఇవ్వలేదు. ఆ దారి వెంట ఎవరు ఎదురొస్తారన్నది మాత్రం ఏ చట్టంలోనూ ఉండదు కదా అనుకున్నాను. ఆమెతో అనలేదు. బోధన్ బస్సు వచ్చింది. రద్దీగా ఉంది. ఆమె ఎక్కి మనుషుల మధ్య కనిపించకుండా పోయింది. నేను కూరగాయల దగ్గర ఆగి, ఒక్కదానికి సరిపడా బెండకాయలు ఏరుకుని, వాన పడేలోగా గదికి చేరాలని నడక పెంచాను.